జేజి తీసిన వీడియో

“అడ్రసు అడిగినారు, అంతే గదా మీనా. నీ ప్రాణం అడిగినారా?”

“నా ప్రాణం అడిగింటే ఇచ్చేదాన్నేమో. వాళ్లది అడిగితే నేనెట్లిచ్చేది?”

వేదవ్యాస చొక్కా గుండీలు పెట్టుకుంటూ మధ్యలో ఆగిపోయాడు. ఒక గుండీ తప్పి పక్క కాజాలో పడింది. మీనాక్షి చూసింది. చెప్పలేదు.

నిన్న సాయంత్రం ఓబులేసు వచ్చి పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఇదే మాట. అన్నాల దగ్గర ఆగిపోయి, పొద్దున కాఫీల దగ్గర మళ్లీ మొదలైంది.

హాలు నిండా స్టీలు ట్రేలు పరచి ఉన్నాయి. మొత్తం ఇరవై రెండు. జమ్మలమడుగులో మీనాక్షి నడిపే ‘పిల్లల ఇల్లు’ మార్చిలో కరోనాకు మూతపడింది. అది మాంటిస్సోరి బడి. మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలకు అక్కడ పాఠమంటే చేతులతో చేసే పని. ఆ పనిని ఫోన్లోకి ఎట్లా ఎక్కించాలో తెలియక నెలరోజులు ఏడ్చి, చివరికి మీనాక్షి ఈ ట్రేల దారి పట్టింది. రెండు గిన్నెలు, ఒక చెంచా, గుప్పెడు కొర్రలు. వేరు చేయడానికి కలిపి పోసిన అలసందలు, శనగలు. అట్టముక్క మీద పెన్న ఇసుక అంటించిన ఒక అక్షరం, వేలితో తడిమి దిద్దుకోవడానికి. ఇసుక జల్లించి బంకపూసి అక్షరాలు చేసేది బడి ఆయా మెహబూబున్నీసా. ట్రేలు మోసేది ఆమె తమ్ముడి పాల వ్యాను. పాఠం మాత్రం ఫోన్లో.

ఇరవై ఒక్క ట్రేలు ఎవరి ఇంటికి పోతాయో అందరికీ తెలుసు. ఇరవై రెండోదాన్ని వ్యాను వేముల దగ్గర ఒక టీ అంగట్లో దింపేస్తుంది. అక్కణ్ణుంచి అది ఏ ఊరికి పోతుందో మీనాక్షికి ఒక్కదానికే తెలుసు.

ఆ ట్రే రామేశ్వరమ్మది. జేజి పేరో ముత్తవ్వ పేరో పెట్టారు గాని, పిల్లకు నాలుగేళ్లే. మార్చిలో మండలం ఎన్నికల నామినేషన్ల నాడు ఆ పాప తండ్రి బండి ట్యాంకు మీద కూర్చుని ఉంది. వెనక తల్లి తిరుపాలమ్మ. కొండాపురం దారిలో బండికి అడ్డం వచ్చి, వాళ్ల ముందరే అతణ్ణి చంపినవాళ్లు ఆరుగురు. తండ్రి గంగులయ్య గొర్రెలు మేపుకునే ఇంటివాడు. చేసిన తప్పల్లా అవతలి పార్టీ మనిషి నామినేషను కాగితం మీద సంతకం పెట్టడం. తిరుపాలమ్మ ఆరు పేర్లూ పోలీసులకు చెప్పింది. ఎన్నికలైతే ఆగిపోయాయి. ఆ పేర్లు ఆగలేదు. వచ్చే సోమవారం ప్రొద్దుటూరు కోర్టులో ఆమె వాటిని మళ్లీ చెప్పాలి. అందాకా పాపనూ, పాప జేజి అయిన అత్త యల్లమ్మనూ వెంటబెట్టుకుని పులివెందుల పక్క ఏదో పల్లెలో తలదాచుకుంది.

ఆనాటి నుంచి రామేశ్వరమ్మ నోట మాట లేదు. నాలుగు నెలలు.

వంటింటి గడపలోకి అత్తగారు రాజ్యలక్ష్మి వచ్చి నిలబడింది.

“ఈ వారం ట్రే పంపకుంటే ఏమైతుంది? చెంచాతో కొర్రలు ఎత్తిపోసేదానికి అంత దూరం మోయల్లనా? వాళ్లింట్లో చెంచాలు లేవా?”

“చెంచా కోసం కాదు అత్తయ్యా. బడి ఇంకా ఉందని ఆ పాపకు తెలియాల.”

“నాకుండేది ఒక్కడే కొడుకు. అది నీకు తెలియాల.”

వేదవ్యాస తాసిల్దారు ఆఫీసులో గుమాస్తా. ఓబులేసు రోజూ పదకొండుకల్లా వచ్చి ఆయన టేబులు ముందర కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. అందరూ ‘అన్న’ అని పిలిచే నాయకుడికి కుడిచెయ్యి ఓబులేసు. తిరుపాలమ్మ చెప్పిన ఆరుగురూ అన్న మనుషులే.

బయట మోటారుసైకిలు ఆగింది. ఇయ్యాల సాయంత్రానికి చెప్పమని పోయిన ఓబులేసు అందాకా ఆగకుండా మళ్లీ వచ్చాడు.

“ఏం స్వామీ, ఆఫీసుకు బయల్దేరినావా? కూకో కూకో. నేను దింపుతాలే.”

మాస్కు గడ్డం కిందకి లాక్కుని, చెప్పులు వాకిట్లో విడిచి, ట్రేల పక్కన గొంతుకూర్చున్నాడు. ఒక అక్షరం అట్ట తీసి మోటువేలితో ఇసుక మీద రాసి చూశాడు.

“మా పాపది ఏది మేడం? ఇదేనా?”

ఓబులేసు మనవరాలు కూడా ‘పిల్లల ఇల్లు’ పిల్లే. మార్చి దాకా ఆ పాపా రామేశ్వరమ్మా పక్కపక్క చాపల మీద కూర్చునేవాళ్లు. రెండు పార్టీల పిల్లలూ కొట్టుకోకుండా కూర్చునే చోటు ఈ తాలూకాలో తన బడి ఒక్కటేనని మీనాక్షి ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేది.

“మీ పాపది ఆ మూల ఉంది. ‘గ’.”

“మా పిల్ల ఇప్పుడు ఇంట్లో ఎవుర్నీ చెయ్యి పెట్టనీదు మేడం. నేనే చేస్తా, నేనే చేస్తా అంటాంది. మంచి చదువు చెప్తాండావు.” అట్ట తిరిగి ట్రేలో పెట్టాడు. “అన్న మంచికే అడగమన్నాడమ్మా. మొగదిక్కు లేని కొంప. ఇన్ని బియ్యం, ఇంత పప్పు ఏసి పంపిద్దామని.”

“నాకియ్యండి. ట్రేతో పాటే నేను పంపుతా.”

ఓబులేసు నవ్వాడు. కోపం లేని నవ్వు. “ఆ ముసల్దాని నంబరు నా కాడ కూడా ఉంది. బడి గ్రూపులో ఉండాదిగా. చేస్తే ఎత్తదు. నంబరు చూసి ఊరు కనుక్కునే చదువు మాకు రాకపాయ.”

అప్పుడే స్టూలు మీద మీనాక్షి ఫోను మోగింది. పదయింది. వీడియో కాల్. యల్లమ్మ పేరు తెరమీద పెద్ద అక్షరాలతో వెలుగుతోంది.

స్టూలు ఓబులేసు మోకాలికి జానెడు దూరంలో ఉంది.

“ఎత్తు మేడం,” అన్నాడు. “పాఠానికి టైమైంది గదా.”

మీనాక్షి కదల్లేదు. వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. ఫోను మోగి మోగి ఊరుకుంది. గదిలో ఎవరూ మాట్లాడకముందే మళ్లీ మోగింది. ఓబులేసు తెరవైపే చూస్తున్నాడు, చెయ్యి చాపలేదు. చెయ్యి చాపింది వేదవ్యాస. ఫోను తీసి బోర్లా పెట్టాడు. చెక్కమీద అది కొంచెంసేపు గుర్రుమని ఆగిపోయింది.

ఓబులేసు లేచాడు. “సాయంత్రం అయిదుకొస్తా స్వామీ. అంతలోపల మేడంకు గుర్తొస్తాదిలే. పా, ఆఫీసుకు ఆలస్యమైతాంది.”

వేదవ్యాస ఆ మనిషి బండి వెనకాల ఎక్కి పోయాడు. వీధి మలుపు తిరిగేదాకా మీనాక్షి వాకిట్లో నిలబడి చూసింది.

* * *

మిద్దెమీది గదిలోకి పోయి, తలుపు వేసుకుని ఆమె యల్లమ్మకు ఫోను చేసింది. తెరమీద సగం నుదురు, నెరిసిన పాపట కనిపించాయి.

“ఏందమ్మా, రెండు తూర్లు జేస్తి. ఎత్తకపోతివి.”

“పనిలో ఉంటి యల్లమ్మా. పాప యాడ?”

“ఈడే ఉంది. రామీ, టీచరమ్మ సూడు. సూడు మే.”

ఫోను కిందికి దిగింది. చాప మీద రామేశ్వరమ్మ కూర్చుని ఉంది. ముందర పోయిన వారం ట్రే. పాప చెంచా పట్టుకుంది, పాప మణికట్టును యల్లమ్మ పట్టుకుంది. రెండు చేతులూ కలిసి కొర్రలు ఎత్తి అవతలి గిన్నెలో పోశాయి.

“నువ్వు చెయ్యి తియ్యి యల్లమ్మా.”

“తీస్తే కింద పోస్తాదమ్మా.”

“పోయనియ్యి.”

“గింజ కింద పడితే మా కండ్లకు ఆగదు తల్లీ. యా జలమలో ఏం పాపం జేసినామో, గింజ తొక్కితే ఇంగా సుట్టుకుంటాది.”

బడిలో అయితే మీనాక్షి పాప పక్కన కూర్చునేది, అంతే. ఒక్క మాట లేకుండా, నెమ్మదిగా, ఒక్కసారి తను చేసి చూపి, చెంచా పాప ముందర పెట్టి చేతులు ఒళ్లో పెట్టుకునేది. మిగతాది పాప చూసుకునేది. ఇక్కడ ఆమె దగ్గర గొంతు తప్ప ఏమీ లేదు. ఆ గొంతు కూడా పాపకు కాకుండా జేజికి పోయి తగులుతోంది.

“ఒక పని చెయ్యి యల్లమ్మా. ఫోను గోడకు ఆనించు. నువ్వు పక్కకు జరిగి నీ చేతుల మీద నువ్వే కూకో.”

“సేతుల మీదనా?”

“ఆ. అప్పుడు అవి ఊరికే పోవు.”

యల్లమ్మ గొణుక్కుంటూనే చేసింది. రామేశ్వరమ్మ అటూ ఇటూ చూసింది. సాయం రాలేదు. చెంచా తనే ఎత్తింది. ఒకటి, రెండు, మూడు చెంచాలు. నాలుగో చెంచా గాలిలో ఉండగా ఎక్కడో మోటారుసైకిలు చప్పుడైంది.

పాప చెంచాను చప్పుడు కాకుండా ట్రేలో పెట్టింది. లేచి, మంచం కిందికి దూరిపోయింది.

తెరమీద ఖాళీ చాప మిగిలింది.

“రామీ,” అని పిలిచింది మీనాక్షి. “రామీ, నేనమ్మా.” ఆ పిలుపు అక్కడ ఎంత వినిపించిందో తెలియదు. లేచిపోయి ఆ మంచం పక్కన నేలమీద పడుకుని, పాప బయటికి వచ్చేదాకా ఉండాలనిపించింది. మధ్యలో అరవై కిలోమీటర్లు ఉన్నాయి.

“బండి సప్పుడైతే ఇంతే తల్లీ,” అంది యల్లమ్మ. “పాలాయన బండి అది. రోజూ వస్తాది. అయినా ఇంతే.”

చెప్పెయ్యాలి. ఓబులేసు అడుగుతున్నాడు, మీరు అక్కడ ఉండొద్దు అని ఇప్పుడే చెప్పెయ్యాలి. ఆ మాట మీనాక్షి నోటిదాకా వచ్చింది. చెబితే సాయంత్రానికి మళ్లీ మూటలు కడతారు. నాలుగు నెలల్లో ఇది మూడో ఇల్లు. ఈ ఇంట్లోకి వచ్చాకే పాప చెంచా ముట్టింది. అయిదు గంటల దాకా టైముంది, ఏదో ఒకటి చెయ్యలేనా అనుకుంది.

“ఈ వారం ట్రే పంపను యల్లమ్మా,” అంది అంతవరకే.

“ఏంటికమ్మా? మేమేం తప్పు జేస్తిమి? ఈడియో పంపల్యాననా? సెయ్యి పెట్టకుండా బిడ్డ పని ఈడియో తీసి గ్రూపులో పెట్టమంటివి, అందురూ పెడతాండారు. నాకు తియ్యను రాకపాయ తల్లీ, దానికే...”

“అది కాదు యల్లమ్మా...”

యల్లమ్మ ముఖం గడులు గడులుగా విడిపోయింది. సిగ్నలు పోయింది. మూడుసార్లు చేసినా కలవలేదు.

* * *

మూడు గంటలకు వేదవ్యాస వచ్చాడు. అన్నం పెట్టుకోమంటే వద్దన్నాడు.

“ట్రేల రిజిస్టరు యాడ?”

“అదిగో. వాళ్ల ఊరు రాసిన పేజీ చించినా. పొయ్యిలో పెట్టినా.”

“నీ తలకాయలో ఉంది గదా.”

“ఉంది.”

ఆయన గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. “బండి మీద పోతాంటే అడ్రసు ఊసే ఎత్తలేదు వాడు. ఎండల గురించి మాట్లాడినాడు, కరోనా గురించి మాట్లాడినాడు. దిగేటప్పుడు మాత్రం, మీయమ్మ గుడికి ఏ పొద్దు పోతాది స్వామీ, అని అడిగినాడు.”

రాజ్యలక్ష్మి వంటింటి గడపలోనే ఉంది. విన్నది. లోపలికి పోలేదు. మెల్లగా వచ్చి ట్రేల మధ్య కూర్చుంది. మీనాక్షి ఏ మాట పడుతుందోనని కాచుకుని ఉంది.

“ఆ పాప నిజంగానే ఒక్క మాటా మాట్లాడదా?”

“మాట్లాడదు అత్తయ్యా.”

“ఏడుపు?”

“అది కూడా లేదు.”

రాజ్యలక్ష్మి ఒక ట్రేలోని అలసందల్లోంచి శనగ గింజ ఏరి పక్కన పెట్టింది. ఇంకొకటి ఏరింది.

“కొన్నాళ్లు నేను గుడికి పోనులేరా వ్యాసా,” అంది చివరికి.

వేదవ్యాస తల్లి ముఖం చూశాడు, పెళ్లాం ముఖం చూశాడు. జేబులోంచి ఫోను తీసి, మళ్లీ లోపల పెట్టి, మళ్లీ తీశాడు. ఓబులేసుకు చేశాడు.

“ఓబులేసూ, నేను. ఆ అడ్రసు మా దగ్గర లేదప్పా. లేదు. ఆ ట్రే కూడా ఇంక పోదు. అయిదుకు రావద్దులే.”

అవతల ఏమన్నాడో మీనాక్షికి వినిపించలేదు. వేదవ్యాస ఫోను దించాడు.

“ఏమన్నాడు?”

“సరేలే స్వామీ అన్నాడు.”

“అంతేనా?”

“అంతే.”

తిట్టి ఉంటే బాగుండేదని ముగ్గురికీ అనిపించింది. అయినా పెళ్లయిన పదకొండేళ్లలో వేదవ్యాస ఒకరికి కాదని చెప్పడం మీనాక్షి చూడటం ఇదే. లేచి అన్నం వడ్డించింది. ఆయన తినడం మొదలుపెట్టాడు.

నాలుగుంబావుకు ఫోను కిణుక్కుమంది. బడి గ్రూపు. యల్లమ్మ నంబరు నుంచి ఒక వీడియో.

లోపల చీకటని వాకిట్లో తీశారు. వెలుతురులో చాప, ట్రే, రామేశ్వరమ్మ. పాప చెంచాతో కొర్రలు ఎత్తింది, పోసింది. ఎత్తింది, పోసింది. మూడు గింజలు కింద పడ్డాయి. పాప వాటిని చూసింది. రెండు వేళ్లతో ఒక్కొక్కటే ఏరి గిన్నెలో వేసింది. ఏ చెయ్యీ అడ్డం రాలేదు. బొమ్మకు ఒక పక్కన యల్లమ్మ మోకాలు కనిపిస్తోంది, చేతులు తొడల కింద ఉన్నాయి. తర్వాత పాప అక్షరం అట్ట ఒళ్లో పెట్టుకుంది. ఇసుక మీద వేలు మెల్లగా తిరిగింది. తలకట్టు దాకా వచ్చి ఆగింది.

“ర,” అంది.

తల తిప్పింది. “జేజీ, ఇది నా ర.”

వీడియో అయిపోయింది.

“మాట్లాడింది గదే!” రాజ్యలక్ష్మి కోడలి భుజం పట్టుకుని ఊపింది. “మీనా, మాట్లాడింది గదే!” వేదవ్యాస ఎంగిలిచేత్తోనే లేచి వచ్చాడు. మీనాక్షికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. మళ్లీ పెట్టమని అత్తగారు అడిగితే మళ్లీ పెట్టింది. గ్రూపులో అప్పుడే పువ్వులూ చప్పట్లూ పడుతున్నాయి.

రెండోసారి చూస్తున్నప్పుడు ఆమె కన్ను పాప మీద నుంచి వెనక్కి పోయింది.

పాప తల వెనక, ఇళ్ల కప్పుల పైన, మంచినీళ్ల ట్యాంకు. కొత్తగా సున్నం కొట్టారు. దాని మీద నీలం రంగుతో, మనిషెత్తు అక్షరాలతో ఊరి పేరు, గ్రామ పంచాయతీ అని రాసి ఉంది. పెద్దది చేసి చూడాల్సిన పని కూడా లేదు.

పొయ్యిలో కాల్చిన పేరు ఇరవై రెండు ఇళ్లలో వెలుగుతోంది. గ్రూపులో పెట్టమని చెప్పింది తనే.

యల్లమ్మ మొదటి రింగుకే ఎత్తింది.

“సూసినావా తల్లీ? నేను సెయ్యి పెట్టల్యా. సేతుల మీదనే కూకోనుంటి.”

“చూసినా. శానా బాగుంది. ఆ వీడియో తీసెయ్యాల యల్లమ్మా, బిరీన. తిరుపాలమ్మ యాడ?”

“ఈడియో పెట్టిచ్చి నీళ్లకు పాయ.”

“అయితే నువ్వే చెయ్యి. ఫోను చెవికాడ నుంచి తియ్యి, స్పీకరు పెట్టు, గ్రూపులోకి పొయ్యి వీడియో మీద వేలు నొక్కిపట్టు, పైన చెత్తబుట్ట బొమ్మ వస్తుంది.”

ఒక్కసారికి ఒక్క పనే చెప్పాలని ఇంతమంది తల్లులకు నేర్పిన మనిషి నాలుగు పనులు కలిపి చెప్పింది. అవతల ఏదో కింద పడ్డ చప్పుడు. యల్లమ్మ వేలు ఎక్కడుందో, ఏం నొక్కుతోందో ఏమీ కనపడదు.

“బుట్ట బొమ్మ వచ్చె. నొక్కితి. మూడు వరసలు వచ్చె తల్లీ, ఏందో రాసుండాది.”

“ఆగు. ఏదీ నొక్కొద్దు. అన్నిటికన్నా కింద ఉండేది...”

“పైది నొక్కితినే. పాయ. నా ఫోన్లో ల్యా ఇంగ.”

మీనాక్షి గ్రూపు తెరిచింది. వీడియో అక్కడే ఉంది. పై వరస నొక్కితే పంపినవాళ్ల ఫోన్లోంచి మాత్రమే పోతుంది. కింది వరస నొక్కి అందరి ఫోన్లలోంచి తీసే దారి ఇంక యల్లమ్మకు కూడా లేదు.

చూస్తుండగానే పువ్వుల కింద ఇంకో మాట వచ్చి చేరింది. ఓబులేసు నంబరు.

‘పాప శానా బాగా చేసింది మేడం.’

వేదవ్యాస ఆమె భుజం మీదుగా చదివాడు. పోలీసు స్టేషను నంబరు వెతకడానికి తన ఫోను తీశాడు. వేళ్లకు అన్నం అంటుకుని ఉంది, తెర కదలడం లేదు.

“యల్లమ్మా, విను. ఉన్నపళంగా ఆ ఇల్లు ఇడిసిపెట్టండి. తిరుపాలమ్మను పిలుచుకో. మూటలేం కట్టొద్దు.”

అవతల యల్లమ్మ గొంతు, ముసలిదైపోయి.

“యాడికి పోవల్ల తల్లీ? నువ్వే సెప్పు.”

ఆ పక్కన ఎవరో ఫోను కోసం లాగుతున్న చప్పుడు, గాజుల చప్పుడు. “ఇయ్యి జేజీ, నేను మాట్లాడతా.” ఫోను చిన్న చేతుల్లోకి మారింది. ఊపిరి దగ్గరగా వినిపించింది.

“టీచరమ్మా,” అంది రామేశ్వరమ్మ. “నాకు ఇంగొక అచ్చరం ఎప్పుడు పంపుతావు?”